గేటక్క అనుమానాలు

గేటక్క చనిపోయిందని మా షిఫ్టు గ్రూపులో మెసేజి వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఆ గ్రూపులో అంతకుముందు ఒకసారి బతికున్న మనిషి ఫొటోకే దండ వేసి పెట్టారు. పైగా ఈ మెసేజి పెట్టింది ఐసు సెక్షన్ వాళ్ళు. గేటక్క అంటే వాళ్ళకు పడదు. ముందురోజు సాయంత్రం నా టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూసి మరీ బయటికి పంపిన మనిషి, తెల్లారేసరికి ఎలా పోతుంది? మాతో పాటు రొయ్యలు ఒలిచే పెంచలమ్మకు ఫోన్ చేశాను.

"నేను గూడా నమ్మలేదక్కా," అంది పెంచలమ్మ. "వాళ్ళాయనకు చేస్తే ఫోన్ ఎత్తలేదు. వాళ్ళ షాపు పక్కన టీకొట్టాయన్ని అడిగినా. నిజమేనంట. తెల్లారి నమాజుకు లేసి, నీళ్ళు పట్టుకుంటా కూలబడిపోయిందంట. గుండె ఆగిపోయినాదని డాక్టరు చెప్పినాడంట."

ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు ఆ మెసేజినే చూస్తూ కూర్చున్నాను. పెంచలమ్మ ఒకరిని కాకపోతే మరొకరిని అడిగి నిర్ధారించుకుంది. నేను పెంచలమ్మను అడిగాను. చావు కబురును కూడా ఇలా తనిఖీ చేసుకోవడం మాకు ఎవరు నేర్పారో వేరే చెప్పనవసరం లేదు.

చదివేవారికి ముందు మా చోటు గురించి చెప్పాలి. ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో మాది ఒక రొయ్యల ప్లాంటు. చుట్టుపక్కల గుంటల్లో, అంటే రొయ్యల చెరువుల్లో, పట్టిన రొయ్యలు ఐసులో వస్తాయి. వాటి తలలు తీసి, పొట్టు ఒలిచి, సైజుల వారీగా వేరుచేసి, గడ్డకట్టించి పెట్టెల్లో పంపుతాం. ఆ పని చేసేది దాదాపు అంతా ఆడవాళ్ళే. తోటపల్లి గూడూరు దగ్గర మా పొలం రొయ్యల గుంటగా మారి, ఆ గుంట కూడా తెగులుకు పోయాక నేను ఇక్కడ చేరాను. డిగ్రీ చదివానని నన్ను ఒక లైనుకు ఇన్‌ఛార్జిని చేశారు.

ఆడవాళ్ళ గేటు దగ్గర కాపలా ఉండే సెక్యూరిటీ మనిషి గేటక్క. ఆమె అసలు పేరుతో పిలిచినవాళ్ళు ప్లాంటులో ఎవరూ లేరు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒంటి వేడి చూస్తుంది. గోళ్ళు, గాజులు, ముక్కుపుడక చూస్తుంది. బయటికి వచ్చేటప్పుడు నడుం దగ్గర, బూట్లలో, సంచిలో రొయ్యలేమైనా దాచామేమో తడిమి చూస్తుంది. మనుషుల్ని అనుమానించడమే ఆమె ఉద్యోగం. దాన్ని ఆమె చేసినంత శ్రద్ధగా ప్లాంటులో మరే పనీ జరిగేది కాదు.

"రోజూ చూసే మొహమే గదక్కా, వదిలెయ్ రాదా," అని ఎవరైనా విసుక్కుంటే, "నమ్మకం ఇంట్లో పెట్టుకోమ్మా, ఈడ చేతులు చూపించు," అనేది. దసరా పూజకు యజమాని భార్య వచ్చినప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగు కూడా తెరవమంది. పక్కనే ఉన్న మేనేజరు మొహం మాడిపోయింది. యజమాని భార్య నవ్వి తెరిచి చూపించింది. గేటక్క నవ్వలేదు. బ్యాగు అడుగుదాకా చూసి, "పోండమ్మా," అంది.

ఎవరైనా ఏదైనా తినమని పెడితే ముట్టుకునేది కాదు. "ఊరికే పెడతా ఉండావా? ఏం పని పడినాది నాతో?" అనేది. ఆమె జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది. అది తను నమిలేదే తప్ప మాకెవరికీ పెట్టేది కాదు. ఒకసారి పద్దెనిమిదేళ్ళ పిల్ల బూటులో గుప్పెడు పెద్ద రొయ్యలు దాచి దొరికిపోయింది. కాళ్ళ మీద పడి ఏడ్చింది. గేటక్క ఆ పిల్లను లేపి నిలబెట్టి, నేరుగా ఆఫీసుకు తీసుకుపోయి అప్పజెప్పింది. ఆ పిల్ల మళ్ళీ పనిలో కనబడలేదు. ఆ తర్వాత ఆమె ఎదురైతే మాటలు ఆపేసేవాళ్ళం.

నాకు నలభై ఎనిమిదో ఏట ఒంట్లో మార్పు మొదలైంది. రొయ్యలు ఒలిచే మా హాల్లో చలి ఎలా ఉంటుందంటే, స్వెట్టర్ మీద ఏప్రాన్ వేసుకున్నా వేళ్ళు కొయ్యబారిపోతాయి. అలాంటి హాల్లో ఒకరోజు నిలబడి ఉండగా, డొక్కల కింద ఎవరో పొయ్యి రాజేసినట్టయింది. ఆ వేడి మెడలోకి, చెవుల్లోకి పాకింది. టోపీ కింద జుట్టంతా తడిసిపోయింది. ముక్కు మీద నుంచి చెమట చుక్క జారి బల్ల అంచున పడింది. క్వాలిటీ చూసే అబ్బాయి దాన్ని గమనించాడు. చెమట పడిందంటే ఆ బల్ల మీది సరుకంతా పక్కన పెట్టాలి. మేనేజరుకు కబురు పోయింది.

"జ్వరమా?" అన్నాడు మేనేజరు.

"కాదు సార్."

వేడి కొలిచే మిషను నుదుటి దగ్గర పెట్టి చూశారు. జ్వరం లేదు. అదే ఆయనకు మరింత అనుమానమైంది. "జ్వరం లేకుండా ఇంత చలిలో చెమట ఎందుకు పోస్తుంది? ఏమైనా మందులు వాడుతున్నారా? దాచకుండా చెప్పండి," అన్నాడు. ఆయన మా అక్క కొడుకు వయసువాడు. పక్కన ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. నాకు నెలసరి క్రమం తప్పిందనీ, ఇవి ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిర్లేమోననీ ఆ ముగ్గురి ముందు ఎలా చెప్పను? తల వంచుకుని నిలబడ్డాను. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే రమ్మని ఇంటికి పంపారు.

సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. కానీ నేను తిరిగి వచ్చేసరికి నా జబ్బుకు హాల్లో పేర్లు పెట్టేశారు. టీబీ అన్నారు కొందరు. నా లైనులోనే పనిచేసే ఒకామె నేను తాగే కుండలో నీళ్ళు తాగడం మానేసింది. దాచుకుని ఏవో మాత్రలు మింగుతానని ఇంకొకరు చెప్పారట. నిజానికి నేను దాచుకునేది వేరే ఉంది. ఎప్పుడు మొదలవుతుందో, ఎంత అవుతుందో తెలియని రక్తస్రావం. మా యూనిఫాం తల నుంచి కాళ్ళదాకా తెలుపు. అందుకని పాత చీర గుడ్డలు మడిచి నడుం దగ్గర దోపుకుని తిరిగేదాన్ని. మాటిమాటికీ బాత్రూంకు వెళ్ళేదాన్ని.

సరిగ్గా అప్పుడే ప్యాకింగులో పెద్ద సైజు రొయ్యలు తక్కువ రావడం మొదలైంది. ఎవరో బయటికి దాటిస్తున్నారు. మాటిమాటికీ బాత్రూంకు పోయేవాళ్ళ మీద కన్నేయమని మేనేజరు చెప్పాడు. గేటక్క కుర్చీ గేటు దగ్గర నుంచి బాత్రూంల దారిలోకి మారింది. ఆడవాళ్ళకు అంతకన్నా అవమానం లేదనిపించింది. అయినా ఎవరూ నోరెత్తలేదు. అడిగితే దొంగవి నువ్వేనంటారని భయం.

ఒక మధ్యాహ్నం నేను బాత్రూంలో ఉండగా తలుపు తట్టింది.

"తలుపు తీయి."

"ఇప్పుడే వస్తా ఉండా అక్కా."

"ఇప్పుడే తీయమంటా ఉండా గదా. నడుములో ఏం పెట్టుకుని తిరగతా ఉండావో చూడాల."

తీశాను. నా చేతిలో మడిచిన గుడ్డలు, ప్యాంటు మీద మరక. చూసింది. చూసి కూడా వదిలిపెట్టలేదు. ఆ గుడ్డలు ఒక్కొక్కటే విప్పి, దులిపి చూసింది. నాకు ఏడుపు ఆగలేదు. అన్నీ చూశాక గుడ్డలు మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టింది.

"ఎప్పట్నించి?" అంది.

చెప్పాను.

"ఇంట్లో తెలుసునా?"

"తెలీదు."

తన నీలం కోటు విప్పి నా నడుముకు చుట్టింది. "హాల్లోకి ఇట్లా పోబాక. మార్చుకునే గదిలో ఇంకో ప్యాంటు ఉంటే వేసుకో. లైను సంగతి నేను చెప్తాను," అని తన కుర్చీకి వెళ్ళిపోయింది. ఓదార్పు మాట ఒక్కటి కూడా లేదు.

నాకు భయం పోలేదు సరికదా, ఎక్కువైంది. ఇప్పుడు నా గుట్టు ఆమె చేతిలో ఉంది. రేపు ఆఫీసులో ఏం చెబుతుందో తెలియదు. మర్నాడు బాత్రూంల దారిలో ఇంకో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. "కూచో," అంది నన్ను చూసి. కూర్చోలేదు. కూర్చుంటే, పని ఎగ్గొట్టి ఇక్కడ కూర్చుందని రాస్తుందేమో అనుకున్నాను. పెంచలమ్మకూ అదే అనుమానం. "ఆమె ఊరికే కుర్చీ వేసే మనిషి కాదక్కా," అంది.

ఆ వారంలోనే గేటక్క మేనేజరు గదికి వెళ్ళింది. తలుపు సందులోంచి విన్న ఆఫీసు ఆయా మాకు చెప్పింది.

"ఊరికే ఊరికే బాత్రూంకు పోయేవాళ్ళందరినీ చూసినా సార్. దొంగలు కాదు. అందురూ ఒకే వయసోళ్ళు. ఆ వయసులో అట్లానే ఉంటాది. నన్ను మళ్ళా గేటు కాడికి పంపించండి."

"నువ్వు వాళ్ళతో కలిసిపోయావా ఏం?" అన్నాడట మేనేజరు.

"కలవడానికి వాళ్ళు నన్ను దగ్గరికి రానిస్తే గదా సార్," అందట.

మేనేజరు ఆమె మాట వినలేదు. కుర్చీ అక్కడే ఉంది. పైగా ఆమె మీద కూడా ఒక కన్ను వేయమని మగవాళ్ళ గేటు మనిషికి చెప్పాడు. కాపలా మనిషికి కాపలా పెట్టారని క్యాంటీన్‌లో నవ్వుకున్నారు.

కొంతకాలానికి చెన్నై హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. మమ్మల్ని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేసి, మైకులో మెనోపాజ్ అంది. ఆ మాట అంత గట్టిగా వినడం మాకు అదే మొదటిసారి. ఆవిర్లు ఎందుకు వస్తాయో, నిద్ర ఎందుకు పట్టదో, ఊరికే కోపం ఎందుకు వస్తుందో చెప్పింది. బాగానే చెప్పింది. వెనక నిలబడ్డ మగపిల్లలు ఒకరినొకరు గిల్లుకున్నారు. మేనేజరు ఫోన్ చూసుకుంటున్నాడు. మా చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. ఇన్నేళ్ళు లేని ప్రేమ ఇప్పుడెందుకు? విదేశాల నుంచి కొనేవాళ్ళు తనిఖీకి వస్తున్నారంట, వాళ్ళకు చూపించడానికంట. అంతకు ముందే ఇంకో పుకారు ఉంది. వయసు మళ్ళిన వాళ్ళను కంపెనీ లెక్కలోంచి తీసేసి కాంట్రాక్టరు కిందికి మారుస్తారని.

"ఇబ్బందులు ఉన్నవాళ్ళు పేర్లు ఇవ్వండి. మీకు తేలికైన పని చూపిస్తాం," అంది ఆఫీసరమ్మ.

ఎవరూ కదల్లేదు. పెంచలమ్మ లేవబోయింది. ఆమె మోకాళ్ళ నొప్పులతో నిలబడలేకపోతోంది అప్పటికే. వెనక తలుపు దగ్గర నుంచి గేటక్క గొంతు వినబడింది.

"కూచో పెంచలమ్మా. అమ్మా, నాకు ఒక అనుమానం. అడగచ్చునా?"

"అడగండి."

"పేర్లెందుకు?"

"ఎవరికి సాయం కావాలో తెలియాలి కదా?"

"తెలిసినాక ఆ పేర్లు ఎవురికాడ ఉంటాయి?"

ఆఫీసరమ్మ మేనేజరు వైపు చూసింది. మేనేజరు ఫోన్ జేబులో పెట్టాడు. "అవన్నీ నీకెందుకు? నీ డ్యూటీ గేటు దగ్గర," అన్నాడు.

గేటక్క ఆయన వైపు చూడనే లేదు. "అమ్మా, తప్పుగా అనుకోబాకండి. మీ వయసెంత?" అంది.

ఆఫీసరమ్మ మైకు పక్కన పెట్టింది. "యాభై రెండు," అంది.

"మీ ఆఫీసులో మీరు పేరు ఇచ్చినారా?"

ఆమె కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. అప్పుడు గమనించాను, ఆమె మెడ కూడా చెమటతో తడిసి ఉంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. "లేదు," అంది చివరికి, మైకు లేకుండా. "ఎవరికీ చెప్పలేదు. చెబితే పెద్ద పనులకు పనికిరానంటారని భయం. మీటింగుల్లో కూర్చోలేక లేచి వెళితే ఫోన్ వచ్చిందని చెబుతాను."

ఎవరూ నవ్వలేదు. వెనకున్న పిల్లలు కూడా.

"మరి మాకు పేర్లొద్దమ్మా," అంది గేటక్క. "ఇచ్చేదేదో అందరికీ ఇయ్యండి. ఎవురికి కావాలంటే వాళ్ళు వాడుకుంటారు. ఎందుకని అడగబాకండి. అంతే."

అప్పుడు ఒక్కొక్కరికే నోళ్ళు పెగిలాయి. తెల్ల ప్యాంటు బదులు ముదురు రంగుది ఇమ్మన్నారొకరు. హాలు బయట ఫ్యాను కింద ఒక బల్ల వేయమన్నారు. బాత్రూంల దారిలో కాపలా తీసేయమన్నారు. "అందరూ బయట కూర్చుంటే పని ఎవరు చేస్తారు?" అన్నాడు మేనేజరు. "కాసేపు కూచుంటేనే గద సార్ మళ్ళా లేసి చేసేది," అంది పెంచలమ్మ. "దొంగతనాలు పెరిగితే ఎవరిది బాధ్యత?" అన్నాడు. "అనుమానపడేది నా పని. అది నాకు వదిలెయ్యండి," అంది గేటక్క.

ఆఫీసరమ్మ చెన్నై వెళ్ళి మేము అడిగినవన్నీ మంజూరు చేయించి పంపింది. ఆమె మంచి మనిషే. కానీ ఆ రోజు మేము పేర్లు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. కాంట్రాక్టరు పుకారు నిజమో అబద్ధమో కూడా తేలలేదు. ఆ తర్వాత దాని ఊసెత్తిన వాళ్ళు లేరు.

బల్ల వచ్చింది, ఫ్యాను వచ్చింది. అయినా ఎవరూ కూర్చోలేదు. కారణం, సరిగ్గా ఆ బల్ల పైన కెమెరా ఉంది. మమ్మల్ని కూర్చోబెట్టి లెక్క తీయడానికే వేశారని గట్టిగా నమ్మాం. గేటక్క కెమెరాల అబ్బాయిని పిలిపించి, దాన్ని తలుపు వైపు తిప్పించింది. ఆ అబ్బాయి వెళ్ళాక స్టూలెక్కి, అది నిజంగా తిరిగిందో లేదో తనే చూసింది. తర్వాత వెళ్ళి అందరూ చూస్తుండగా ఆ బల్ల మీద కూర్చుని, సోంపు నమిలి, లేచి గేటుకు పోయింది. ఆ మధ్యాహ్నం నాకు ఆవిరి ఎత్తినప్పుడు వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు. వీపు మీద చెమట ఆరేదాకా కూర్చుని లేచి వచ్చాను. అంత చిన్న సంగతికి కళ్ళ నీళ్ళు వస్తాయని అనుకోలేదు.

రొయ్యల దొంగ సంగతి కూడా చెప్పాలి. బాత్రూంల కాపలా పోయాక గేటక్కకు వెనక గేటు వైపు చూసే తీరిక దొరికింది. ఐసు తెచ్చే టెంపోను ఎవరూ తనిఖీ చేయరు. ఆలస్యమైతే ఐసు కరుగుతుందని వదిలేస్తారు. "అందురూ వదిలేసేదాన్నే గదా చూడాల," అని ఒకరోజు టెంపోకు అడ్డంగా నిలబడింది. డ్రైవరు అరిచాడు. ఐసు సెక్షన్ వాళ్ళు వచ్చి అరిచారు. ఆమె కదల్లేదు. ఖాళీ డబ్బాల కింద గోనెపట్టాలో పెద్ద సైజు రొయ్యలు దొరికాయి. ఐసు సెక్షన్ వాళ్ళకు ఆమె అంటే పడకపోవడానికి కారణం అదే. మేనేజరు ఆడవాళ్ళెవరికీ క్షమాపణ చెప్పలేదు. బాత్రూంల గురించి మాత్రం మళ్ళీ మాట్లాడలేదు.

ముదురు నీలం ప్యాంట్లు కుట్టే పని ఆమె భర్తకే వచ్చింది. ఆయనది ఇందుకూరుపేటలో చిన్న దర్జీషాపు. కావాలనే మొగుడికి పని ఇప్పించుకుందని కొందరన్నారు. ఆ మాట ఆమెదాకా పోయింది. "అనుమానపడనీ, మంచిదే. కుట్లు గట్టిగా ఉండాయో లేవో వాళ్ళే చూసుకుంటారు," అంది.

కొలతకు కుట్టిన మొదటి జత చూడటానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. ఆమె నాకు టీ ఇచ్చింది. ఎవరికీ ఏమీ పెట్టని మనిషి ఇచ్చిన టీ కాబట్టి కాసేపు గ్లాసు వైపే చూశాను. ఆమె గమనించి మొదటిసారి నవ్వింది.

"తాగు. చక్కెర తప్ప ఏం కలపలేదులే," అంది.

ఆ రోజే అడిగాను, కుర్చీ ఎందుకు వేశావని. ముందు గదిలో ఆమె భర్త మిషను కుడుతూనే ఉన్నాడు.

"నేను ముందు నెల్లూరులో ఒక బట్టల షాపులో చేసినా. పొద్దన్నుంచి నిలబడే పని. నీ మాదిరే ఒకరోజు మొహమంతా ఎర్రబడి, కళ్ళు తిరిగి కౌంటరు పట్టుకున్నా. తాగి వచ్చినానన్నారు. అందరి ముందర నోరు వాసన చూసినారు. మా ఇంట్లో ఆ సీసా మొహం ఎవురం చూడలేదు. వాసన రాలేదని గూడా చెప్పలేదు వాళ్ళు. ఊరికే పంపించేసినారు." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఈయనకు గూడా చాన్నాళ్ళు చెప్పలేదు. చెప్తే, నిజంగానే వాసన వచ్చినాదేమోనని ఒక్క నిమిషం అనుకుంటాడేమోనని. ఆ ఒక్క నిమిషం నేను చూడలేను."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"అందుకే సెక్యూరిటీలో చేరినా. అనుమానపడే వైపు నిలబడితే నన్నెవురూ అడగరు గదా అని. అయినా ఒకటి చెప్తా విను. నేను గుడ్డలు ఇప్పి చూసినందుకు నువ్వు ఏడ్చినావే, చూడకుండా వదిలితే మేనేజరు ముందర నీకోసం గట్టిగా మాట్లాడలేను. చూసినా కాబట్టే దొంగ కాదని చెప్పగలిగినా."

ఆ మాటతో నా మనసు పూర్తిగా మెత్తబడిందని చెప్పను. ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ ముడుచుకుపోతాను. కానీ ఆమె పక్షాన కూడా ఆలోచించడం అప్పుడు మొదలైంది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "ఇంకో అనుమానం," అంది. "అన్నిటికీ వయసు వయసు అంటా ఉండాం. మనం చెప్పేసుకుంటే సరిపోతాదా? నీకు అంతంత రక్తం పోవడం నాకు మంచిగా అనిపించలా. నెల్లూరులో డాక్టరమ్మకు చూపించు."

"సర్టిఫికెట్ ఇచ్చినాడు గదక్కా."

"జ్వరం లేదని ఇచ్చినాడు. లోపల ఏముందో చూసినాడా?"

నన్ను తీసుకుపోయింది కూడా ఆమే. డాక్టరమ్మ ఓపికగా అన్నీ అడిగి, స్కానింగ్ చేయించింది. గర్భసంచిలో గడ్డలున్నాయనీ, రక్తం బాగా తగ్గిపోయిందనీ చెప్పింది. భయపడాల్సినవి కావు, కానీ ఇంకా ఆలస్యం చేస్తే నిలబడలేకపోయేదానివి అంది. మందులు, తర్వాత చిన్న ఆపరేషన్. నేను కోలుకునేదాకా గేటక్క వారం వారం ఫోన్ చేసేది. ఎలా ఉన్నావని అడిగేది కాదు. "మాత్రలు మింగతా ఉండావా, పారేస్తా ఉండావా?" అని అడిగేది. మింగుతున్నానంటే నమ్మేది కాదు. నా కూతురికి ఫోన్ ఇమ్మని మళ్ళీ అడిగేది.

గేటక్క పోయిన రోజు మధ్యాహ్నం మా షిఫ్టు వాళ్ళం ప్లాంటు వ్యానులో వాళ్ళింటికి వెళ్ళాం. షాపు ముందు పందిరి వేశారు. లోపల తెల్లటి గుడ్డలో ఆమె మొహం చూపించారు. కళ్ళు మూసుకున్న గేటక్కను చూడటం మాకు అలవాటు లేదు. పెంచలమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆమె భర్త మమ్మల్ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"ప్యాంట్లు సరిపోతా ఉండాయా అమ్మా?" అని అడిగాడు. దుఃఖంలో మనిషికి ఏ మాట వస్తుందో చెప్పలేం. సరిపోతున్నాయన్నాం.

మేనేజరు కూడా వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మగవాళ్ళతో కలిసి చాప మీద కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడా అని మేమంతా ఒకరినొకరు చూసుకున్నాం. కంపెనీ పంపితే వచ్చాడా, తనంతట తాను వచ్చాడా? తీసుకువెళ్ళేటప్పుడు మిగతా మగవాళ్ళతో పాటు ఆయనా భుజం పట్టాడు. కొంత దూరం కాదు, మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా మోస్తూనే వెళ్ళాడు. అయినా నాకు ఇంకా నిర్ధారణగా తెలియదు. తెలిసేదాకా ఏమీ అనకూడదనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులోంచి చూస్తే రోడ్డుకు రెండువైపులా రొయ్యల గుంటల్లో గాలి పట్టించే చక్రాలు నీళ్ళను తెల్లగా చిమ్ముతున్నాయి. నా ముందు సీటులో పెంచలమ్మ, ఆమె పక్కన కిటికీ దగ్గర కొత్తగా చేరిన పిల్ల. కొంత దూరం పోయాక పెంచలమ్మ మెడ మీద చెమట పట్టడం, జాకెట్టు వీపు తడవడం చూశాను. ఆ పిల్ల ఏమీ అడగలేదు. లేచి, సీట్ల మధ్య ఇరుకులో పక్కకు జరిగి, పెంచలమ్మను కిటికీ వైపు కూర్చోనిచ్చి, అద్దం చివరిదాకా జరిపింది. సముద్రం మీది గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. పెంచలమ్మ కళ్ళు మూసుకుని మొహం బయటికి పెట్టింది. ఆమె కొంగు కిటికీలోంచి బయటికి ఎగిరి, వ్యాను పక్కనే గుంటల మీదుగా రెపరెపలాడుతూ ఊరు వచ్చేదాకా అలాగే ఎగిరింది.